రూల్లో లేని వదిన

జూన్ 6

పిట్టా,

నీ ఉత్తరం అందింది. అదీ ఒక ఉత్తరమేనా? కరెంటు బిల్లులో అంతకన్నా ఎక్కువ మాటలుంటాయి. బాగున్నాను, పని ఎక్కువ, జాగ్రత్త. అంతే. మీ అన్నయ్య ఉన్నప్పుడు కాలేజీ హాస్టల్ నుంచి పేజీలకి పేజీలు రాసేదానివి. అవి చదువుతూ ఆయన చిత్రిక పట్టడం కూడా మర్చిపోయేవారు. వదిన దగ్గరికొచ్చేసరికి నీ కలంలో సిరా ఇంకిపోయిందన్నమాట.

షెడ్డు ముందు బెంచీ అలాగే ఉంది. నువ్వెళ్ళాక దాంతో పెద్ద చిక్కొచ్చిపడింది. నీకు తెలుసుగా, మీ అన్నయ్య దాని కాళ్ళు మరీ మధ్యకి బిగించారు. ఒక కొసన ఒక్కరే కూర్చుంటే రెండో కొస గాల్లోకి లేస్తుంది. లోకానికంతా మంచాలూ బీరువాలూ చేసిపెట్టిన మనిషి ఇంటి బెంచీ మాత్రం సరిచెయ్యలేదు. "మీ వదినామరదళ్ళు పోట్లాడుకుని ఒకత్తె లేచిపోతే రెండోది కిందపడాలి, అప్పుడే బుద్ధిగా ఉంటారు" అనేవారు. ఇప్పుడు నేను సరిగ్గా మధ్యలో కూర్చుని టీ తాగుతున్నాను. పడిపోను కానీ, టీ తాగినట్టుండదు. నువ్వు వెళ్ళి రెండేళ్ళు దాటింది పిట్టా. సెలవులు ఇవ్వరా మీ ఆఫీసులో? లేక నువ్వే అడగవా?

అసలు సంగతికొస్తాను. ఇన్సూరెన్స్ కంపెనీవాళ్ళు మన వీధిలో ప్రతి షెడ్డుకీ నోటీసు పంపారు. వచ్చే ఏడాది నుంచి ప్రీమియం దాదాపు రెండింతలు చేస్తారట. కింద చిన్న అక్షరాల్లో "ప్రభుత్వ ఆమోదానికి లోబడి" అని రాశారు. ఆమోదించాల్సింది మీ ఆఫీసే కదా! చదవగానే నాకు నవ్వొచ్చింది. వీధిలో వడ్రంగులందరికీ చెప్పేశాను, రేట్లు చూసే ఆఫీసులో మా పిట్ట ఉంది, మనకేం భయం లేదని.

నవ్వులాట కాదు కానీ, ఆ రేటు నేను కట్టలేను. ఇన్సూరెన్స్ కాగితం లేని షెడ్డులో ఎవరూ కలప దింపరు. కలప దిగకపోతే షెడ్డు లేదు. మీ అన్నయ్య అరచేతుల అరుగుదల ఇంకా కనిపించే ఆ పనిబల్లతో సహా అన్నీ అమ్ముకుని పోవాలి. ఎక్కడికని అడక్కు, నాకూ తెలీదు. ఒక్క మాట రాయి, ధైర్యంగా ఉంటుంది.

పక్క కొట్లోకి తాళాలు చేసే ఆయన కొత్తగా వచ్చాడు. ఒంటరివాడు, మంచి మనిషి. నీ పై గది తలుపుకి గడియ ఊడిపోతే కొత్తది పెట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

నీ రాక కోసం చూసీ చూసీ మెడ పట్టేసిన
వదిన


జూన్ 17

వదినా,

ఇదిగో, ఇది కరెంటు బిల్లు కాదు, చూసుకో.

నా గది కింద ఇస్త్రీ కొట్టు ఉందని చెప్పానుగా. రోజంతా ఆవిరి పైకొస్తుంది. వానాకాలం నా గదిలోనే పుట్టి నా గదిలోనే పోతుంది. ఇంటావిడ మంచిదే, కానీ నేను మెట్లెక్కుతుంటే ప్రతిసారీ దగ్గుతూ "ఎవరూ?" అంటుంది. నేనేనండీ అంటాను. "నేనంటే?" అంటుంది. పేరు చెప్పాక గానీ దగ్గు ఆపదు. ఎవరూ అని అడక్కుండా తలుపు తీసే ఇల్లు ఒకటుండేది నాకు. రోజూ గుర్తొస్తుంది.

ఆఫీసుకి దగ్గర దారి ఉంది. అయినా నేను చుట్టూ తిరిగి వెళ్తాను, ఆ దారిలో కలప అడితి ఉంది కాబట్టి. గేటు దగ్గర ఆగి కాసేపు వాసన పీల్చుకుంటాను. కొనడానికొచ్చానేమో అని కాపలా ఆయన రోజూ లేచి నిలబడతాడు, నేను కదలగానే మళ్ళీ కూలబడతాడు. పాపం, నన్ను పిచ్చిదాన్ననుకుంటున్నాడు.

నువ్వు నోటీసు గురించి అడిగావు. వదినా, దాని గురించి నేను ఒక్క ముక్క కూడా రాయను. మా దగ్గర కట్టడి అలాంటిది. ఎవరు ఏ ఫైలు చూస్తున్నారో, ఏమనుకుంటున్నారో బయట నోరు విప్పకూడదు, ఆ రేటు కట్టేవాళ్ళ దగ్గర అసలే కూడదు. దారినపోయే మనిషి అడిగినా చెప్పగలిగేది మాత్రం చెప్తాను. కంపెనీ అడిగినంతా ఇచ్చేయరు. బహిరంగ విచారణ పెడతారు, ఎవరైనా వచ్చి అభ్యంతరం చెప్పచ్చు. ఆఫీసు చూసేది రెండు వైపులా. రేటు మరీ ఎక్కువైతే కట్టేవాళ్ళు మునుగుతారు. మరీ తక్కువైతే కంపెనీ మునుగుతుంది, అది ఇంకా ప్రమాదం. చవగ్గా వస్తుందని మనం కట్టిన ఆ పాత కంపెనీ మన వీధిలో మంటలు లేచాక బోర్డు తిప్పేసింది, గుర్తుందిగా. నేను ఈ ఉద్యోగంలో చేరిందే ఆ కోపంతో.

దయచేసి వీధిలో నా పేరు వాడకు. ఇంకేమీ అడక్కు.

తాళాలాయన సంగతేంటి, డబ్బులు తీసుకోలేదా? ఎందుకు?

ఆవిరిలో ఉడుకుతున్న నీ
పిట్ట


జూన్ 28

దొరసానీ,

పిట్ట అంటే కోపమొస్తుందేమో, నీ పేరు వాడకూడదుగా!

దారినపోయేవాళ్ళకి చెప్పేది నాకూ చెప్పావు. సంతోషం. జ్వరమొస్తే నీకు తడిగుడ్డ వేసింది దారినపోయే మనిషేనా? ఉద్యోగం పరీక్షకి వెళ్ళే రోజున నీ చెప్పు తెగితే నా చెప్పులు విప్పిచ్చి ఉత్తకాళ్ళతో ఇంటికి నడిచొచ్చింది ఎవరు? సరే, ఎత్తిపొడుపు అనుకుంటావు, వదిలెయ్. కట్టడి అంటే కట్టడి. నాకర్థం కాదు గానీ ఒప్పుకుంటాను.

కానీ ఆ నోటీసులో ఒక వాక్యం ఉంది, అది మాత్రం ఒప్పుకోలేను. "ఈ వీధిలో గతంలో జరిగిన భారీ అగ్నిప్రమాదం దృష్ట్యా" రేటు పెంచుతున్నారట. దృష్ట్యా అట! వాళ్ళ దృష్టి ఎప్పుడు పడిందో మన వీధి మీద. ఆ రోజు వార్నిష్ గోడౌన్లో అంటుకుని షెడ్లన్నిటికీ పాకింది. నేనూ ఆయనా బయటపడ్డాం. ఎదురు షెడ్డు ముసలాయన లోపలే ఉండిపోయాడని ఎవరో అరిచారు. మీ అన్నయ్య మళ్ళీ లోపలికి పరిగెత్తారు. ముసలాయన బయటికొచ్చాడు.

దాన్ని చూపించి ఇప్పుడు నా దగ్గర రెండింతలు వసూలు చేస్తారా? ఆ తర్వాత మేం చేతులు ముడుచుకుని కూర్చోలేదే. కాళ్ళావేళ్ళా పడి ఆ గోడౌన్‌ని వీధిలోంచి పంపించేశాం. నీళ్ళ ట్యాంకు కట్టాం. పొట్టు ఏ పూటకాపూట ఊడ్చి బయట పారబోస్తున్నాం. ఇవన్నీ వాళ్ళకెవరు చెప్తారు? నువ్వు చెప్పవు. చెప్పకూడదు. సరే.

మరో మంచి సంగతి ఉంది. ఇప్పుడు చెప్పను. త్వరలో నువ్వే కళ్ళారా చూస్తావు. ప్రస్తుతానికి నాకూ తాళాలాయనకీ తప్ప ఎవరికీ తెలీదు. పాపం, షెడ్డు తాళాలు తీసుకుని "నేనున్నాగా, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు. నీ మొహం ఎలా పెడతావో తల్చుకుంటే నాకిప్పుడే నవ్వాగట్లేదు.

వదిన


జూలై 7

వదినా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను.

నీ మంచి సంగతి నాకర్థమైంది. చిన్నపిల్లనా, అర్థం కాకపోవడానికి? గడియ పెట్టాడు, డబ్బులు తీసుకోలేదు, నేనున్నానన్నాడు, షెడ్డు తాళాలు కూడా ఆయన చేతికే ఇచ్చావు. వదినా, నువ్వు సుఖంగా ఉండాలి. అన్నయ్య ఉన్నా అదే అనేవాడు. నువ్వు ఒంటరిగా ఉన్నావని నేను తల్చుకోని పూట లేదు, అలాంటిది నీకు తోడు దొరికితే నేనెందుకు మొహం మాడ్చుకుంటాను? మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నాను.

ఒక్కటే దిగులు. నువ్వు ఇంకొకరి ఇల్లాలివైతే, ఆ తర్వాత నేను నీకేమవుతాను? ఈమధ్య నాకిదే ఆలోచన. ఏ వరస పెట్టి పిలవాలి నిన్ను? బహుశా మనం ఒకరికొకరం ఏమీ కామేమో. నన్ను తప్పుగా అనుకోకు. కాగితం మీద చూస్తే ఇప్పటికీ ఏమీ కాము.

పని చాలా ఉంది. తల వంచితే ఎత్తడానికి లేదు. ఇంకో వారం అయ్యాక వివరంగా రాస్తాను.

పిట్ట


జూలై 15

గౌరవనీయులైన అధికారిణి గారికి,

నమస్కారం. తమరు నన్ను ఎరుగరు. ఈ నెల తొమ్మిదో తారీకున తమరి ఆఫీసులో జరిగిన విచారణలో మాట్లాడిన వడ్రంగి షెడ్డు మనిషిని నేను. పై అంతస్తు హాలు, బల్లల మీద ఆకుపచ్చ గుడ్డ, ఒకటి తిరిగి ఒకటి తిరగని ఫ్యాన్లు. తమరు ఎడమ పక్క రెండో కుర్చీలో కూర్చున్నారు. చిక్కిపోయారు.

మా వీధివాళ్ళంతా కలిసి నన్ను పంపించారు. అదీ నేను దాచిపెట్టిన మంచి సంగతి. బస్సులో దారి పొడుగునా నవ్వుకుంటూ వచ్చాను, తమరు నన్ను చూసి కుర్చీలోంచి ఎగిరి గంతేస్తారని. ఎగరకపోయినా ఫరవాలేదు, కట్టడి ఉందన్నారు కదా, కళ్ళతో పలకరించినా చాలనుకున్నాను.

నేను లేచి నిలబడగానే మధ్యలో కూర్చున్న పెద్దావిడ, అందరి విషయంలో అడిగించినట్టే నా విషయంలోనూ అడిగించింది. "మా సిబ్బందిలో ఎవరికైనా ఈమెతో బంధుత్వం ఉందా?" అని. తమరు తల వంచుకుని ఏదో రాసుకుంటున్నారు. "ఎవరూ లేరు" అని గుమాస్తా గట్టిగా చదివాడు. తమరు తల ఎత్తలేదు.

ఆ తర్వాత నేనేం మాట్లాడానో నాకే సరిగ్గా గుర్తు లేదు. వార్నిష్ గోడౌన్ ఇప్పుడు లేదని చెప్పాను. ట్యాంకు సంగతి చెప్పాను. మా ఆయన ఆ మంటల్లో పోయారని చెప్తూ ఏడ్చేశాను. కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు. నీళ్ళిచ్చింది కంపెనీ తరఫు లాయరు. తమరు కాదు. గేటు దగ్గర చీకటిపడేదాకా నిలబడ్డాను. తమరు ఏ తలుపులోంచి వెళ్ళారో తెలీదు.

ఇంటికొచ్చేసరికి తమరి ఉత్తరం ఉంది. మనం ఒకరికొకరం ఏమీ కామని. హాల్లో చెప్పలేదనుకుంటే పోస్టులో పంపించారు. దాని ముందు ప్రీమియం ఒక లెక్కా? షెడ్డు పోతే పోనీ అనిపించింది.

తాళాలాయనకి డెబ్భై దాటాయే, బుద్ధిలేనిదానా! నోట్లో పళ్ళు కూడా లేవు! నేను ఊరెళ్తే షెడ్డుకి ఎవరు కాపలా ఉంటారని తాళాలిచ్చాను. పెళ్ళట, తోడట! మీ అన్నయ్య తర్వాత నాకున్న తోడు నువ్వే అనుకున్నాను కదే.

తమరికి ఇక ఇబ్బంది కలిగించను.

ఇట్లు,
వడ్రంగి షెడ్డు యజమానురాలు


జూలై 22

వదినా వదినా వదినా,

ఎన్నిసార్లైనా రాస్తాను. చించెయ్యకుండా చివరిదాకా చదువు.

ఇప్పుడు అన్నీ చెప్పచ్చు. ఎందుకు చెప్పచ్చో చివర్లో చెప్తాను. మన వీధి ఫైలు నా దగ్గరే ఉండేది. నీకు నోటీసు అందకముందే వచ్చింది. కంపెనీ ఇచ్చిన పట్టికలో ఆ మంటలు ఒక వరస, పక్కన ఒక అంకె. అన్నయ్య ఆ అంకెలో ఉన్నాడు. నేను దాన్ని రోజూ చూస్తూ కూర్చున్నాను.

మా ఆఫీసు రూల్లో బంధువులంటే ఎవరో వివరంగా ఉంది. అమ్మానాన్నలు, తోబుట్టువులు, భర్త, పిల్లలు, తోబుట్టువుల భార్యలూ భర్తలూ. ఆ చివరి మాట పక్కన ఇంకో ముక్క ఉంది, "సదరు తోబుట్టువు జీవించి ఉన్నంతవరకు" అని. అంటే అన్నయ్య పోయిన రోజునే నువ్వు కూడా నాకేమీ కాకుండా పోయావు. కాగితం మీద ఏమీ కామని రాసింది దీని గురించే. నేను దాన్ని తలుచుకుని ఏడుస్తూ రాస్తే, నువ్వు నేనే అన్నాననుకున్నావు.

జూన్‌లోనే పెద్దావిడని అడిగాను, ఎవరి సంగతో చెప్పకుండా. చనిపోయిన అన్న భార్య బంధువు కింద లెక్కా అని. ఆవిడ కళ్ళజోడు తీసి, "రూల్లో లేదు. కానీ ఆమె నా మనిషే అని నువ్వంటే ఫైలు వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను. అది నీ ఇష్టం" అంది. నేను మాట్లాడకుండా వచ్చేశాను. ఎందుకో తెలుసా? గోడౌన్ ఖాళీ అయిన సంగతి కంపెనీ ఎక్కడా రాయలేదు. రేటన్నది రాబోయే ముప్పుకి కట్టేది, అయిపోయినదానికి కాదు. ఆ వరస కొట్టేయించాలని కూర్చుని లెక్కలు కడుతున్నాను. నేను తప్ప ఇంకెవరు చూసినా పట్టించుకోరని నా భయం. అంత పొగరు నాకు. నిన్ను నా మనిషివి కాదంటే నీ షెడ్డు నిలబడుతుంది. అవునంటే నా చేతుల్లోంచి పోతుంది. షెడ్డు నిలబెడితే చాలు, నీకు తర్వాత చెప్పుకోవచ్చు అనుకున్నాను.

అంతలో నువ్వే వచ్చి నిలబడ్డావు. నీలం చీర. నేను ఊరెళ్ళే రోజున నువ్వు కట్టుకున్నదే. పెద్దావిడ అడిగిస్తుంటే కాగితం మీద గీతలు గీస్తూ కూర్చున్నాను. తల ఎత్తితే పరిగెత్తుకొచ్చి నిన్ను పట్టుకునేదాన్ని. అయిపోయాక ఏ తలుపులోంచీ వెళ్ళలేదు. లోపలే ముఖం కడుక్కునే చోట కుళాయి తిప్పి నిలబడ్డాను, ఎవరికీ వినబడకుండా.

తమరు అని రాశావు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు. ఉత్తరం చదివి పెద్దావిడ గదిలోకి వెళ్ళాను. లోపల ఇద్దరు ముగ్గురున్నారు. అందరి ముందే అన్నాను, "ఆవిడ మా వదిన." ఆవిడ "రూలు ప్రకారం కాదుగా" అంది. "రూలు ప్రకారం కాదు. మా వదిన" అన్నాను.

ఆ పూటే ఫైలు తీసేసుకున్నారు. నేను రాసినదంతా పక్కన పడేశారు, అందుకే ఇప్పుడు ఇవన్నీ నీకు చెప్పగలుగుతున్నాను. మొదటినుంచీ ఇంకొకాయన చూస్తాడు. చండశాసనుడు, ఎవరి మాటా వినడు. విచారణలో నువ్వు చెప్పింది మాత్రం రికార్డులో అలాగే ఉంటుంది. నన్ను లారీల రేట్ల విభాగంలో గోడకి ఎదురుగా కూర్చోబెట్టారు.

నీ షెడ్డు నా చేతుల్లో ఉండేది వదినా, నా నోటితోనే జారవిడిచాను. రేపు అది పోతే నన్ను క్షమిస్తావా? నువ్వు పోవడం మాత్రం నేను భరించలేను. ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే, నువ్వు అని తిట్టు.

నీ పిట్ట


సెప్టెంబర్ 3

పిట్టా,

నువ్వు, నువ్వు, నువ్వు. చాలా?

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, ఏం జరుగుతుందో తేలాక రాద్దామని. కోపంతో కాదు. కోపం నీ ఉత్తరం రెండో పేజీలోనే పోయింది. మూడో పేజీకి ఏడుపొచ్చింది. అది చూసి తాళాలాయన వచ్చి "అమ్మాయికి బాగోలేదా?" అని కంగారుపడ్డాడు. నువ్వు కట్టబెట్టిన పెళ్ళి సంగతి ఆయనకి చెప్పాను. బోసినోటితో అంతగా నవ్విన మనిషిని నేను ఇంతవరకూ చూళ్ళేదు. పెళ్ళికూతురికి కన్యాశుల్కం కింద ఒక కప్ప తాళం ఇస్తాడట.

మీ చండశాసనుడు మన వీధికొచ్చాడు. బెంచీ కొసన కూర్చోబోయి పడబోయాడు. కూర్చోవద్దని నేను చెప్పేలోపే. టీ ఇస్తే తాగలేదు. ట్యాంకు మూత తీయించి చూశాడు, గోడౌన్ ఉన్న ఖాళీ స్థలంలో అటూ ఇటూ నడిచాడు, ఒక్క మంచి మాట లేదు, ఒక్క చెడ్డ మాటా లేదు. నిన్న ఉత్తర్వు వచ్చింది. అడిగినదాంట్లో సగమే ఒప్పుకున్నారు. మంటల పేరు చెప్పి పెంచింది కొట్టేశారు. కలప ధరలూ కూలీ పెరిగాయని పెంచింది ఉంచారు. నువ్వు లేకపోయినా లోకం పూర్తిగా గుడ్డిదైపోలేదు పిట్టా. కాస్త పొగరు తగ్గించుకో.

సగమంటే తక్కువేం కాదు. మలుపులో కుర్చీలల్లేవాళ్ళు షెడ్డు ఖాళీ చేస్తున్నారు. పొద్దున వాళ్ళ సామాను ఎక్కిస్తుంటే చూడలేక లోపలికి వచ్చేశాను. నేను కట్టగలను. ఎలాగో చెప్తాను, కోప్పడకు. నీ పై గది తాళాలాయనకి అద్దెకిచ్చాను. ఎప్పుడొస్తావో అని రెండేళ్ళు దుమ్ము దులిపిన గది. ఇవ్వడానికి మనసొప్పలేదు, అయినా ఇచ్చాను. తన గదికి తనే ముందుగా గడియ పెట్టుకున్నాడు, గడుసువాడు.

నువ్వొస్తే ఎక్కడ పడుకుంటావంటావా? నా పక్కన. మీ అన్నయ్య మంచం పెద్దదే చేశారు.

నీ ఉత్తరంలో ఆ మూడు మాటలున్న చోట కాగితం నలిగిపోయింది, చదివీ చదివీ. ఆవిడ మా వదిన. నీకు ఫైలు పోయింది, మంచి సీటు పోయింది, ఆ మాట అన్నందుకు. అంత ఖరీదు పెట్టి నన్ను ఇంకెవరూ కొనుక్కోలేదే.

ఇవాళ్టి నుంచి మధ్యలో కూర్చోవడం మానేశాను. ఈ ఉత్తరం రాస్తున్నది బెంచీ ఒక కొసనే. అవతలి కొస లేవకుండా కాళ్ళు నేలకి గట్టిగా తన్నిపెట్టి కూర్చున్నాను. పిక్కలు లాగేస్తున్నాయి. ఎక్కువసేపు ఇలా ఉండలేను, సెలవు పెట్టుకుని తొందరగా రా.

వదిన